అగుట, ఉండుట: చీనా విద్యార్థి చేతిలో ఒక ఇంగ్లీషు క్రియ

ఇంగ్లీషు నేర్చుకోబోయేవానికి ఆ భాష మొట్టమొదట చేతిలో పెట్టే క్రియ 'బీ'. అది ఒంటరిగా రాదు. వర్తమానంలో 'యామ్', 'ఈజ్', 'ఆర్' అని మూడు రూపాలతోను, భూతకాలంలో 'వాజ్', 'వర్' అని రెండు రూపాలతోను కనిపించి, పిమ్మట 'బీయింగ్', 'బీన్' అని మరి రెండు అవతారాలెత్తుతుంది. ధాతువుతో కలుపుకుంటే ఎనిమిది. ఆ భాషలో మరే క్రియకూ ఇంత పరివారం లేదు. చీనా దేశపు బడిపిల్లలు ఈ పరివారాన్ని గుర్తుంచుకోవడానికి ఒక చిన్న పాట వల్లిస్తారు. 'నేను' పక్కన ఏది, 'నీవు' పక్కన ఏది, 'అతడు, ఆమె, అది' పక్కన ఏది నిలబడవలెనో ఆ పాట చెబుతుంది. మన ఎక్కాల వంటిదే అది. ఒకసారి నోటికి వస్తే ముసలితనం దాకా పోదు.

అయితే పాట రూపాలను నేర్పుతుంది గాని అర్థాన్ని నేర్పదు. అర్థం కోసం పిల్లవాడు పాఠం చివర ఉన్న పదపట్టికను చూస్తాడు. అక్కడ 'బీ'కి ఎదురుగా వానికి దొరికేది ఒకే ఒక చీనా మాట: 'షి'. ఈ సమీకరణం వల్ల పుట్టిన తప్పులు పిల్లవాని నోటుపుస్తకంలోనే ఆగిపోతే వాటిని గురించి సాహిత్యపత్రికలో వ్రాయవలసిన అగత్యం లేదు. అవి అక్కడ ఆగలేదు. చీనా అనువాదకుల కలాల్లోకి, అక్కడినుంచి చీనా వచనంలోకి నడిచాయి. చీనా సాహిత్యాన్ని చాలావరకు ఇంగ్లీషు ద్వారానే చదివి, ఇంగ్లీషు ద్వారానే తెనిగిస్తున్న మన చేతుల్లోకి కూడా వచ్చాయి. నా మాట నమ్మకం కలిగించకపోతే, నేను స్వయంగా చేసిన పొరపాటు ఒకటి ఈ వ్యాసం చివర చెప్పబోతున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం ఢిల్లీలో జరిగిన ఒక అనువాదకుల సమావేశంలో, చీనానుంచి వచ్చిన ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలి పక్కన రెండు రోజులు కూర్చునే అవకాశం నాకు కలిగింది. ఆమె తన విద్యార్థుల తప్పులను ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకున్నది. 'బీ'కి సంబంధించిన తప్పులే పది పన్నెండు పుటలున్నాయి. వింత ఏమిటంటే, ఆ తప్పులు రెండు విరుద్ధమైన జాతులవి. కావలసిన చోట ఆ క్రియ లేదు. 'షీ వెరీ హ్యాపీ' అని వ్రాసినవారు కొందరు. అక్కరలేని చోట ఆ క్రియ ఉన్నది. 'ఐ యామ్ అగ్రీ' అని వ్రాసినవారు మరికొందరు. చాలాచోట్ల ఈ రెండు తప్పులూ చేసినవాడు ఒకడే. ఒక్క మందే ఒక్క రోగికి ఒకనాడు జ్వరమూ మరునాడు చలీ తెప్పించినట్లున్నదే అని నేను అంటే, ఆమె నవ్వి, మందు పేరు అడగండి అన్నది. మందు పేరు 'షి'.

దీనిని కొంచెం విడదీసి చూడవలసి ఉన్నది. ఇంగ్లీషు 'బీ' ఒక క్రియ కాదు. ఒక ఇంటిపేరు కింద కాపురం చేస్తున్న నాలుగైదు క్రియలు. 'ఆయన వైద్యుడు' అని ఒకనిని మరొక నామంతో సమానం చేయడానికి అదే. 'ఆమె పొడుగు' అని గుణం చెప్పడానికి అదే. 'ఆయన ఇంట్లో ఉన్నాడు' అని చోటు చెప్పడానికి అదే. ముందు 'దేర్' చేర్చి, 'గదిలో ముగ్గురున్నారు' అని ఉనికిని చెప్పడానికీ అదే. చీనా భాష ఈ నాలుగు పనులకూ నాలుగు దారులు పెట్టింది. నామాన్ని నామంతో కలిపేటప్పుడు 'షి'. చోటు చెప్పేటప్పుడు 'జాయ్' (మన 'జాడ'లోని దంత్య జకారంతో పలకవలెను). ఉనికి చెప్పేటప్పుడు 'యౌ'. గుణం చెప్పేటప్పుడు ఏమీ లేదు. చీనాలో విశేషణమే క్రియ. 'పొడుగు' అనే మాటలోనే 'పొడుగుగా ఉండు' అనే అర్థం ఇమిడి ఉన్నది. అయితే ఆ విశేషణాన్ని ఒంటరిగా విడిచిపెడితే మరొకరితో పోల్చి చెప్పినట్లు వినబడుతుంది కనుక దానిముందు 'హన్' అనే మాట చేరుస్తారు. నిఘంటువులో 'హన్' అంటే 'చాలా'. వాడుకలో ఆ 'చాలా' అరిగిపోయి, వాక్యానికి ఊతకర్రగా మాత్రమే మిగిలింది. ఇప్పుడు 'షీ వెరీ హ్యాపీ' ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తున్నది గదా! ఆ పిల్లవాడు ఏమీ వదిలిపెట్టలేదు. తన భాషలో ఉన్నదంతా మాటకు మాట పెట్టాడు. వాని వాక్యంలో లోపం లేదు. వానికిచ్చిన పట్టికలో ఉన్నది.

రెండవ తప్పు మరికొంత సూక్ష్మమైనది. చీనా వాక్యం కర్తతో కంటె ప్రస్తావంతో మొదలవుతుందని చార్లెస్ లీ, సాండ్రా థామ్సన్ అనే భాషావేత్తలు 1976లో ప్రతిపాదించారు. ముందు దేనిని గురించి మాట్లాడబోతున్నామో చెప్పి, తరువాత దానిమీద చెప్పవలసినది చెబుతారన్న మాట. భోజనశాలలో నలుగురు కూర్చుని, ఎవరికేమి కావాలో చెబుతున్నప్పుడు చీనావాడు 'నేను షి నూడుల్సు' అనగలడు. దానిని ఇంగ్లీషులో 'ఐ యామ్ నూడుల్స్' అంటే నవ్వుతారు. మనం నవ్వనక్కర లేదు. 'నాది ఇడ్లీ, వారిది దోసె' అని మనమూ అంటాము. అక్కడ 'నాది' అన్నది ఆస్తి కాదు, ప్రస్తావం. ఇట్లా ప్రస్తావాన్ని, దానిపై చెప్పే మాటను అతికించే జిగురుగా 'షి'ని ఎరిగినవాడు, 'ఐ' అనే ప్రస్తావం తరువాత 'యామ్' అనే జిగురు పూసి, ఆపైన 'అగ్రీ' అంటాడు. వాని దృష్టిలో అది క్రియ కాదు, ఒక విరామచిహ్నం.

మూడవ రకం తప్పు 'యౌ' వల్ల కలిగేది. 'యౌ' అంటే ఉనికి. అదే స్వామ్యం కూడా. 'బల్లమీద పుస్తకం ఉన్నది' అన్నా, 'నాకు పుస్తకం ఉన్నది' అన్నా అదే మాట. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీసి మొదటిదానిని 'బీ'కి, రెండవదానిని 'హ్యావ్'కు పంచింది. కనుక చీనా విద్యార్థి 'దేర్ హ్యావ్ త్రీ పీపుల్' అని వ్రాస్తాడు. ఆ అధ్యాపకురాలు దీనిని గురించి విచారిస్తుంటే నాకు లోలోపల సంతోషం కలిగింది. ఎందుకంటే ఆమె వివరిస్తున్న చీనా వాక్యమంతా నాకు తెలుగుగా వినిపిస్తున్నది. తెలుగులోనూ కలిగి ఉండటమంటే ఉండటమే. నాకు ఇద్దరు పిల్లలున్నారు, నాకు జ్వరం ఉన్నది, నాకు పని ఉన్నది.

ఈ సాదృశ్యం ఇంతటితో ఆగదు. దానిని కొంత దూరం అనుసరించవలెనని నా కోరిక. తెలుగులో వ్యతిరేకం రెండు మాటలు: 'కాదు', 'లేదు'. 'ఇది పుస్తకం కాదు' అనేది ఒక సంగతి. 'ఇక్కడ పుస్తకం లేదు' అనేది వేరొక సంగతి. ఇంగ్లీషువానికి రెండూ 'ఈజ్ నాట్'. ఉత్తరాదినుంచి వచ్చి తెలుగు నేర్చుకునే మిత్రులు ఈ రెండింటి మధ్య ఎంత తికమకపడతారో మనకు తెలియనిది కాదు. చీనాలో సరిగా ఇదే భేదం ఉన్నది. 'షి'కి వ్యతిరేకం 'బుషి', అది మన 'కాదు'. 'యౌ'కు వ్యతిరేకం 'మేయ్‌యౌ', అది మన 'లేదు'. ఇంతకంటె ఆశ్చర్యకరమైనది మరొకటి చెబుతాను. జరగని పనిని చెప్పేటప్పుడు మనం 'అతడు రాలేదు' అని ప్రధానక్రియకు 'లేదు' తగిలిస్తాము. రాబోడని చెప్పేటప్పుడు 'రాడు' అని వేరొక రూపం వాడతాము. చీనావాడు కూడా మొదటిదానికి ఉనికిని కాదనే 'మేయ్'నే వాడతాడు. రెండవదానికి 'బు' వాడతాడు. జరుగుతున్న పనిని మనం 'చదువుతున్నాడు' అంటాము. అందులో 'ఉన్నాడు' దాగి ఉన్నది. చీనావాడు క్రియకు ముందు 'జాయ్' పెట్టి అదే పని చేస్తాడు. అదీ చోటు చెప్పే 'ఉండు'వే. మనం ఒప్పుకునేటప్పుడు 'అవును' అంటాము. అది 'అగు' ధాతువు. చీనావాడు 'షి' అంటాడు. 'అవును, కాదు' అనే జంటను చేర్చి చీనా పూర్వులు 'షిఫేయ్' అన్నారు. మంచిచెడ్డలకూ తగాదాలకూ కూడా అదే పేరు. మనలో ఒకడు అవునంటే మరొకడు కాదనడమే గదా తగాదా!

ఈ రెండు భాషలకూ చుట్టరికం ఉన్నదని నేననడం లేదు. లేదు. తేడాలూ చిన్నవి కావు. మన నామం పురుషప్రత్యయాన్ని తొడుక్కుంటుంది: నేను వైద్యుడను, నీవు వైద్యుడవు. చీనా నామం ఏదీ తొడుక్కోదు. 'ఆయన వైద్యుడు' అనే తెలుగు వాక్యానికి క్రియ అక్కర లేదు; నేటి చీనాలో అటువంటి వాక్యానికి సామాన్యంగా 'షి' కావలెను. ఈ చివరి సంగతిలో కూడా చరిత్ర మనకు దగ్గరగానే ఉన్నది. ప్రాచీన చీనాలో ఆ 'షి' క్రియ కానే కాదు. 'ఇది' అనే అర్థమిచ్చే నిర్దేశవాచకం. రెండు నామాలను పక్కపక్కన పెట్టి, చివర 'యే' అనే అవ్యయం చేరిస్తే వాక్యం పూర్తయ్యేది. వాంగ్ లీ అనే మహావైయాకరణుడు 1937లో ఈ విషయంపై ఒక పెద్ద వ్యాసం వ్రాసి, చీనాలో ఈ సంయోజకక్రియ మొదటినుంచి ఉన్నది కాదనీ, తరువాత పుట్టినదనీ నిరూపించాడు. 'రాముడు, ఇతడు రాజు' అనే వాక్యం తరతరాలుగా నలిగి నలిగి 'ఇతడు' అన్నది 'అగును' అయిందన్న మాట. ఆయన దానికి కట్టిన కాలం కొంత వెనక్కి జరగవలసి వచ్చింది. 1973లో చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనేచోట త్రవ్వకాలలో, క్రీ.పూ. 168 నాటి సమాధినుంచి పట్టుగుడ్డలపై వ్రాసిన గ్రంథాలు బయటపడ్డాయి. వానిలో తోకచుక్కల బొమ్మలున్నవి. ఆ బొమ్మల కింద పేరు చెప్పేటప్పుడు 'షి' అనే అక్షరం వరుసగా రెండుసార్లు వ్రాసి ఉన్నది. మొదటిది 'ఇది', రెండవది 'అగును'. నిర్దేశవాచకమూ దానికి పుట్టిన క్రియా పక్కపక్కన కూర్చున్న ఆ రెండక్షరాలను చూడగలిగిన వ్యాకరణవేత్తలు ధన్యులు.

'బీ' లేని భాషకు తత్త్వశాస్త్రం ఎట్లా పట్టుబడుతుంది అని అడిగినవారున్నారు. జాంగ్ దొంగ్‌సున్ అనే చీనా తాత్త్వికుడే 1930ల చివర, తన భాషలో ఆ క్రియ లేకపోవడం వల్లనే తమ ఆలోచన పాశ్చాత్యుల ద్రవ్యసిద్ధాంతాల దారి పట్టలేదని వాదించాడు. 1959లో బ్రిటిష్ పండితుడు ఏ.సి. గ్రాహం ఈ ప్రశ్నను తలక్రిందులు చేసి చూపించాడు. 'అగుట'నూ 'ఉండుట'నూ ఒకే క్రియలో కలిపివేయడం పాశ్చాత్యుల భాషలకు కలిగిన ప్రత్యేకత. ఆ రెండింటినీ విడిగా ఉంచుకున్న చీనావానికి వాటి మధ్య పుట్టే కొన్ని గందరగోళాలు అసలు తోచవు అని ఆయన అభిప్రాయ సారాంశం. తెలుగువాడు ఈ మాట చదివితే దీనిలో వింత ఏమున్నదని అడుగుతాడు. నేనూ అడిగాను.

ఇక సాహిత్యానికి వస్తాను. 'బీ'కి ఒకే అర్థం నేర్చుకున్నవానికి అసలు పరీక్ష హామ్లెట్ మూడవ అంకంలోని ప్రసిద్ధ స్వగతం. అక్కడ ఆ క్రియ నామమూ విశేషణమూ చోటూ ఏదీ తోడు లేకుండా ఒంటరిగా నిలబడి ఉన్నది. 'షి' అక్కడ పనికిరాదు. దానికి అటూ ఇటూ ఏదో ఉండవలెను. 'యౌ' కూడా తన వెనుక ఒక వస్తువును కోరుతుంది. కనుక చీనా అనువాదకులు ముగ్గురు మూడు దారులు త్రొక్కారు. లియాంగ్ షిచ్యూ ఆ ప్రశ్నను మరణానంతర స్థితికి మార్చి, చనిపోయిన తరువాత అస్తిత్వం ఉన్నదా లేదా అని అడిగించాడు. అర్థం స్పష్టమైంది, యువరాజు మాత్రం వేదాంతసభలో కూర్చున్న పండితుడైపోయాడు. జూ షెంగ్‌హావ్ మనుగడ, వినాశం అనే రెండు గంభీరమైన సమాసాలను ఎదురెదురుగా నిలిపాడు. వినడానికి ఎంతో బాగుంటుంది. నేటికీ చీనాలో జనానికి నోటికి వచ్చేది అదే. ఆ మహానుభావుణ్ణి విమర్శించడానికి నాకు నోరు రాదు. 1935 ప్రాంతంలో షేక్‌స్పియరు అనువాదం మొదలుపెట్టి, 1937లో జపాను దాడిలో వ్రాతప్రతులు పోగొట్టుకుని, మళ్లీ మొదటినుంచి వ్రాసి, పేదరికంలో క్షయతో బాధపడుతూ 31 నాటకాలు ముగించి, 1944 డిసెంబరులో ముప్పైరెండేళ్లకే కన్నుమూసినవాడు. అయినా ఒక మాట అనకతప్పదు. మూలంలో ఉన్నది ఏకాక్షరపు మాట. పసివానికి మొదటిరోజు నేర్పే మాట. దానికి బదులు సింహాసనంపై కూర్చోబెట్టదగిన రెండు సమాసాలు వచ్చాయి. బియాన్ జిలిన్ అనే కవి 1956లో ప్రచురించిన అనువాదంలో మళ్లీ క్రియకే వచ్చాడు: బ్రతుకుతూ పోవడమా, బ్రతకకపోవడమా అన్నాడు. ఒకే ధాతువు విధిలోను నిషేధంలోను మారుమ్రోగుతుంది. మూలంలోని ఎదురు విరుపు నిలబడింది. లారెన్స్ ఒలివియర్ హామ్లెట్ చలనచిత్రాన్ని 1958లో షాంఘైలో చీనాలోకి మార్చినప్పుడు సున్ దావ్‌లిన్ అనే నటుడు ఆ అనువాదాన్ని ఆధారం చేసుకునే గొంతు ఇచ్చాడు. నటుని నోటికి క్రియ కావలెను. నా మొగ్గు బియాన్ వైపే.

అయితే ఆ ముగ్గురిలో ఎవరూ త్రొక్కని దారి ఒకటి వారి ఇళ్లలోనే ఉన్నది. మన తెలుగులో 'వారి తండ్రిగారు లేరు' అంటే చనిపోయారని అర్థం. చావు అనే మాట నోట రానీయకుండా, ఉనికిని కాదనడమొక్కటే చేసి ఊరుకుంటాము. చీనాలో కూడా పోయినవారిని గురించి 'ఇక జాయ్ కారు' అనే అర్థంలో 'బుజాయ్' అంటారు. చోటు చెప్పే క్రియను కాదంటే మరణం. ఊళ్లో లేకపోవడానికీ లోకంలో లేకపోవడానికీ ఒకటే మాట. హామ్లెట్ మాటలో ఉన్న చల్లదనం, సామాన్యత, ఎక్కడికో తలుపు తెరచి ఉన్నట్టి భయం ఈ ఇంటిమాటలో ఉన్నవి. పదపట్టికలో 'బీ'కి ఎదురుగా 'షి' ఒక్కటే వ్రాసి ఉన్నందువల్ల, 'జాయ్'లో కూడా ఆ క్రియ కాపురముంటున్నదని తోచక, పండితులు సమాసాల కోసం వెదికారేమో! ఇది ఊహ. కాని తెలుగులో ఆ స్వగతాన్ని చేపట్టే వానికి 'ఉండు, లేకపోవు' అనే జంట చేతికందే దూరంలో ఉండగా, 'అస్తిత్వ నాస్తిత్వముల' వైపు చేయి చాచడం ఎందుకో నాకు బోధపడదు.

1919 నాటి ఉద్యమం తరువాత చీనా వచనం వాడుకభాషలోకి వచ్చింది. వెంటనే అనువాదాల వరద వచ్చింది. 1943, 44 సంవత్సరాలలో వెలువడిన తన వ్యాకరణంలో వాంగ్ లీ ఐరోపా ఒరవడిలో పడిన చీనాకు ఒక అధ్యాయం కేటాయించి, అందులో కర్తృపదాలూ సంయోజకక్రియలూ పెరగడాన్ని ప్రత్యేకించి చర్చించాడు. పువ్వు ఎరుపు అని ఊరుకునే చోట 'షి'ని తెచ్చి, పువ్వు ఎర్రనిది అగును అనడం అలవాటైందన్న మాట. ఈ మార్పు మంచిదా చెడ్డదా అన్న విషయమై చీనాలో పెద్ద యుద్ధమే జరిగింది. విదేశీ వాక్యనిర్మాణాన్ని బలవంతంగానైనా దింపి, చీనా భాషకు కొత్త కండరాలు తేవలెనని లూ షున్ పట్టు. అటువంటి కఠినానువాదాన్ని లియాంగ్ షిచ్యూ 1929లో ఎగతాళి చేశాడు. లూ షున్ మరుసటి ఏడు ఘాటుగా సమాధానం చెప్పాడు. ఇద్దరూ ఘనులే; ఇద్దరివైపూ న్యాయం లేకపోలేదు. లూ షున్ పక్షానికి సాక్ష్యం కావలెనంటే స్త్రీవాచక సర్వనామాన్ని చూపవచ్చును. 1920 ప్రాంతంలో లియూ బన్నొంగ్ దానికి వేరే అక్షరం ప్రతిపాదించాడు. మొదట పరిహాసం చేసినవారు కూడా పిమ్మట దానినే వ్రాశారు. అవసరముండి వచ్చింది గనుక నిలిచింది. 'షి' పెరుగుదల అట్లా వచ్చింది కాదు. పట్టికలో ఎదురుగా ఉన్నది గనుక వచ్చింది. యూ గ్వాంగ్‌జొంగ్ అనే కవి 1970ల చివరినుంచి ఇటువంటి పైపూతల మీద, ముఖ్యంగా మంచి క్రియను నామంగా మార్చి దానికి మరొక బలహీనక్రియను తగిలించే అలవాటు మీద వరుసగా వ్యాసాలు వ్రాశాడు. వాటిలోని ఉదాహరణలు చూస్తుంటే మన సభావార్తలు జ్ఞాపకం వస్తాయి. 'సభ జరిపారు' అన్నది 'సభ నిర్వహించడం జరిగింది' అయింది. ఎవరు నిర్వహించారో కూడా తెలియనక్కర లేకుండా పోయింది.

మన 'అయి ఉన్నది' కథ కూడా ఇటువంటిదే. అది తెలుగు కాదని అనరాదు. 'వాడు దొంగ అయి ఉండవచ్చు' అనే ఊహకు, 'రాజై ఉండి కూడా తిరిపెమెత్తాడు' అనే విరోధానికి అది తప్పనిసరి. ఊహా విరోధమూ ఏదీ లేని చోట, 'ఇది ఒక పెద్ద సమస్య అయి ఉన్నది' అన్నప్పుడు ఆ చివరి రెండు మాటలూ ఏ పని చేస్తున్నాయి? ఇంగ్లీషు 'ఈజ్' ఖాళీగా విడిచిపోయిన కుర్చీని ఆక్రమించి కూర్చున్నాయి. దస్తావేజుల్లోను, పందొమ్మిదవ శతాబ్దపు అనువాద గ్రంథాల్లోను ఈ అలవాటు విరివిగా కనబడుతుంది. నేటి అనువాద నవలల్లోనూ తగ్గలేదు. చీనా కథను ఇంగ్లీషునుంచి తెనిగించేటప్పుడు దీనివల్ల నష్టం రెండింతలు. చీనా రచయిత ఆ క్రియను వాడలేదు. ఇంగ్లీషు అనువాదకుడు తన భాషకు తప్పదు గనుక చేర్చాడు. తెలుగువాడు తన భాషకు అక్కర లేకపోయినా విశ్వాసం పేర దానిని మోసుకు వచ్చాడు. ఎవరికి విశ్వాసం?

ఇక నా పొరపాటు. ముప్పై ఏళ్లు నిండని వయస్సులో నేను మా జియువాన్ వ్రాసిన ఒక చిన్న గీతాన్ని ఇంగ్లీషునుంచి తెనిగించి ఒక పత్రికకు పంపాను. ఆయన యువాన్ వంశపు కాలంనాటి కవి. శరత్కాలంలో బాటసారి మనస్సును చెప్పిన ఆ గీతానికి ఐదే పాదాలు. నేను చదివిన ఇంగ్లీషు పాఠంలో పాదపాదానా 'ఈజ్', 'ఆర్' ఉన్నవి. నేను వాటికి తగినట్లు 'ఉన్నది', 'ఉన్నవి' అని వ్రాసుకుంటూ పోయాను. లెక్కపెడితే తొమ్మిది. అచ్చు అయింది కూడా. మెచ్చుకుంటూ ఒకరిద్దరు ఉత్తరాలు వ్రాశారు.

ఢిల్లీలో రెండవరోజు సాయంకాలం ఆ అధ్యాపకురాలిని ఆ గీతం మూలం వ్రాసి చూపమని అడిగాను. ఆమె కాగితంపై అక్షరాలు వ్రాసి, ఒక్కొక్క అక్షరం కింద వేలుపెట్టి అర్థం చెప్పింది. మొదటి మూడు పాదాలలో తొమ్మిది వస్తువులున్నాయి. తీగ, చెట్టు, పక్షి. వంతెన, నీరు, ఇల్లు. బాట, గాలి, గుర్రం. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిన్న విశేషణం. వాటిమధ్య క్రియ ఒక్కటి కూడా లేదు. నాలుగవ పాదంలో పొద్దు క్రుంకుతుంది. ఐదవ పాదంలో మనిషి వస్తాడు. మనస్సు విరిగినవాడు, ఇంటికి ఎంతో దూరాన ఉన్నవాడు. అక్కడ, ఆ ఒక్క చోట, 'జాయ్' అనే అక్షరం ఉన్నది. ఆమె వేలు దానిమీద ఆగింది.

గీతమంతటిలో 'ఉన్నాడు' అన్న మాట దక్కింది ఆ మనిషికొక్కడికే. తీగకూ చెట్టుకూ వంతెనకూ ఇంటికీ ఉనికిని ప్రత్యేకించి చెప్పవలసిన అవసరం కవికి కలుగలేదు. అవి తమ చోట తామున్నవి. తన చోట తాను లేనివానికి మాత్రమే, ఎక్కడ ఉన్నాడో చెప్పవలసి వచ్చింది. నేను ఆ క్రియను తొమ్మిది వస్తువులకూ తలా కొంచెం పంచిపెట్టి, తీరా మనిషి దగ్గరకు వచ్చేసరికి, వాక్యం సాగడం కోసం 'తిరుగుతున్నాడు' అని వ్రాశాను.

ఊరికి వచ్చిన తరువాత పాత పత్రిక వెదికి తీసి, ఎర్రసిరాతో తొమ్మిది 'ఉన్నది'లనూ కొట్టివేశాను. తెలుగు వాక్యం ఏమీ కూలలేదు. మూడు పాదాలూ వట్టి నామాలతో హాయిగా నిలబడ్డాయి. చివరి పాదంలో 'తిరుగుతున్నాడు' కొట్టివేసి 'ఉన్నాడు' అని వ్రాశాను. ఆ దిద్దిన ప్రతి ఇంకా అచ్చు కాలేదు.